హ్యూటర్ రెక్క, రొద్దం తెరచాప

బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకాలోని హళ్ళిఖేడ్ (బి) లాంటి ఊళ్ళో గాలి గురించి మాట్లాడుకుంటే మాట రెండు దారుల్లో పోతుంది. ఒకటి ఆకాశం దారి: బీదర్‌లో వైమానిక దళం శిక్షణ కేంద్రం ఉంది, సూర్యకిరణ్ విన్యాస బృందానికి స్థావరం అదే. రెండోది బావి దారి: లోతుకు పోయిన నీళ్ళను మడిలోకి తేవడం ఎలా అన్నది. ఈ రెండు దారులూ ఎరిగిన ఇద్దరు విమాన ఇంజినీర్లను పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఒకరు రొద్దం నరసింహ, మరొకరు ఉల్రిక్ హ్యూటర్.

నరసింహ గురించి తెలుగువారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. అనంతపురం సీమలోని రొద్దం ఆయన పూర్వీకుల ఊరు. 1933లో పుట్టి, బెంగళూరులో సతీశ్ ధవన్ దగ్గర పని నేర్చుకుని, 1961లో కాల్‌టెక్‌లో డాక్టరేట్ పుచ్చుకుని, మరుసటి ఏడే బెంగళూరు ఐఐఎస్‌సీకి తిరిగొచ్చారు. నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి 1984 నుంచి 1993 దాకా డైరెక్టర్. తేలికపాటి యుద్ధ విమానం కావాలని గట్టిగా వాదించినవారిలో ఒకరు. హ్యూటర్ మాత్రం మనకు దూరపువాడు. 1910లో పిల్సెన్‌లో పుట్టాడు. సోదరుడు వోల్ఫ్‌గాంగ్‌తో కలిసి హెచ్-17 అనే చిన్న గ్లైడర్‌ను రూపొందించి పేరు తెచ్చుకున్నాడు. నాజీల కాలంలో వైమార్‌లోని వెంటిమోటర్ సంస్థలో గాలిమరల పనిలో దిగాడు, 1942లో వాటి రూపకల్పన సూత్రాల మీదే డాక్టరేట్ తీసుకున్నాడు. ఇక ఆ పనిని వదల్లేదు. నరసింహకు గాలిమర ఒక అధ్యాయం కాగా, హ్యూటర్‌కు అదే గ్రంథం. ఈ తేడాను దాచిపెట్టి ఇద్దరినీ సమానం చేస్తే ఇద్దరికీ అన్యాయమే.

హ్యూటర్ గ్రంథంలో పెద్ద ఘట్టం 1957లో వచ్చింది. జర్మనీలోని స్టోట్టెన్ గుట్ట మీద ఆయన డబ్ల్యు-34 తిరగడం మొదలుపెట్టింది. వ్యాసం 34 మీటర్లు, రెక్కలు రెండే, సామర్థ్యం 100 కిలోవాట్లు. ఆ రెక్కలు గ్లాస్ ఫైబర్‌వి. మొదటి ఫైబర్ గ్లైడర్ 'ఫీనిక్స్' కూడా అదే ఏడాది, హ్యూటర్ పనిచేసిన స్టట్‌గార్ట్ వాతావరణంలోంచే ఎగిరింది. హ్యూటర్ పనితనం చూడాలంటే రెక్క మొదలు దగ్గర ఆగాలి. గాజు పోగులను ఇనుప చక్రానికి అతికించడమెలా? బోల్టు కోసం బెజ్జం వేస్తే పోగులు తెగుతాయి, తెగిన చోటే రెక్క విరుగుతుంది. ఆయన బెజ్జం వేయలేదు. పోగులనే లోహపు గొట్టాల చుట్టూ తిప్పి మళ్ళీ రెక్కలోకి తీసుకెళ్ళాడు. బోల్టు ఆ గొట్టంలో కూర్చుంటుంది, పోగు ఎక్కడా తెగదు. ఇంత సున్నితమైన పరిష్కారం ఇంజినీరింగ్‌లో అరుదు.

బెంగళూరు అధ్యాయం ఇందుకు సరిగ్గా ఎదురు. ఐఐఎస్‌సీ ఏరోనాటికల్ విభాగం నుంచి ఎస్.పి.గోవిందరాజు, నరసింహ కలిసి 1979లో ఒక వ్యాసం ప్రచురించారు. విషయం: నీళ్ళు తోడే చవక గాలిమర. దాని రోటరు ఫిన్లండ్‌కు చెందిన సవోనియస్ 1920లలో కనిపెట్టిన రకం. పీపాను నిలువునా చీల్చి, రెండు సగాలనూ కాస్త పక్కకు జరిపి నిలబెడితే పైనుంచి ఇంగ్లిషు ఎస్ అక్షరంలా కనిపిస్తుంది. లోపలి వంపు గాలిని పట్టుకుంటుంది, వెలుపలి వంపు జారవిడుస్తుంది. గాలి ఏ దిక్కునుంచి వచ్చినా తిరుగుతుంది, తోక అక్కర్లేదు. వీళ్ళు రేకు స్థానంలో తెరచాప గుడ్డ కట్టారు. విమానాల రెక్కలను అణువణువూ ఎరిగినవాళ్ళు విమానపు రెక్కను పక్కన పెట్టి గుడ్డను ఎంచుకున్నారన్నమాట! చదివిన ప్రతిసారీ నాకు ఆ నిర్ణయం మీద గౌరవం పెరుగుతుంది.

కారణం పనిలోనే ఉంది. పిస్టన్ పంపు కదలాలంటే మొదట గట్టి తోపు కావాలి, వేగం అక్కర్లేదు. సవోనియస్ నిదానంగా తిరుగుతుంది గానీ మొండిగా తోస్తుంది. జనరేటరుకు అలా కాదు, వేగమే ప్రాణం. అందుకే హ్యూటర్‌కు సన్నని రెండు రెక్కలు. సామర్థ్యంలో మాత్రం పోటీ లేదు. గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ యంత్రమూ తీసుకోలేదని బెట్జ్ అనే శాస్త్రవేత్త లెక్క తేల్చింది. హ్యూటర్ యంత్రం ఆ హద్దులో సగం దాటుతుంది, సవోనియస్ అందులో సగానికి చాలా కిందే ఆగిపోతుంది.

అయినా ఇద్దరిదీ ఒకే గోత్రం అనడానికి గట్టి ఆధారం ఉంది. డెన్మార్క్‌లో యూల్ అనే ఇంజినీరు ఆ 1957లోనే గెజర్‌లో కట్టిన 24 మీటర్ల యంత్రం 200 కిలోవాట్లకు ఈదురుగాలి మీద ఆధారపడింది. హ్యూటర్ తన 34 మీటర్లను సెకనుకు 8 మీటర్ల గాలికే 100 కిలోవాట్లు ఇచ్చేలా లెక్కగట్టాడు. సముద్రానికి దూరంగా, మందగాలిలో బతికేవాళ్ళ కోసం వేసిన లెక్క అది. అలాగే బెంగళూరు వాళ్ళదీ దక్కను పీఠభూమి మందగాలికి వేసిన లెక్కే. గాలిలోని శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది, వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతే. ఈ లెక్క తెలిసినవాడే పేద గాలి విలువ కడతాడు.

ఇద్దరికీ ఓటమీ ఎదురైంది. రెండు రెక్కల దారిని అమెరికాలో నాసా 1975లో మోడ్-0తో పట్టుకుంది, జర్మనీ 1980లలో మూడు మెగావాట్ల గ్రోవియన్ దాకా పోయి దెబ్బతింది. చివరికి మార్కెట్‌ను గెలిచింది డెన్మార్క్ మూడు రెక్కల యంత్రం. కానీ 1978లో అక్కడి ట్వింద్‌లో ఉపాధ్యాయులు, విద్యార్థులు కట్టిన పెద్ద యంత్రపు రెక్కల మొదట్లో ఉన్నది హ్యూటర్ అతుకే. ఆయన యంత్రం ఓడి, ఆయన రెక్క గెలిచింది. తెరచాప గాలిమరకు అలాంటి రెండో జన్మ దొరకలేదు. ఎండకూ వానకూ గుడ్డ ఎక్కువ కాలం ఆగదు. పైగా నైరుతి గాలి జోరుగా వీచే నెలల్లో వాన ఉంటుంది, బావి నీళ్ళు కావలసిన యాసంగిలో గాలి పలచబడుతుంది. కరెంటు తీగ మీద ఈ చిక్కు నలుగురూ పంచుకుంటారు, ఒంటరి బావి దగ్గర రైతు ఒక్కడే మోయాలి.

నరసింహ పూర్వీకుల జిల్లాలోనే, రామగిరి గుట్టల మీద 1990లలో గాలిమరలు లేచాయి. ఈనాటి మరలకు తిరిగేవి ఫైబర్ రెక్కలే. నా తీర్పు అడిగితే, యంత్రంగా హ్యూటర్‌దే పైచేయి. ఎంచుకోవడంలోని వివేకం మాత్రం బెంగళూరుదే ఎక్కువ: ఎవరికోసం, ఏ బావికోసం అని ముందు అడిగి, ఆ తర్వాత గీత గీశారు. ఆ వ్యాసం ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో ఉంది. బీదర్‌లోనో, కలబురగిలోనో, హైదరాబాదులోనో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే, ముందు ఆ వ్యాసాన్ని తెరిచి చూడండి.