భారము, బరువు, ‘కొను’: తెలుగు బైబిలు భాషలో వ్యక్తి బాధ్యత, శిష్యత్వం

వ్యాససంగ్రహం: క్రైస్తవ విశ్వాసంలో వ్యక్తి బాధ్యతను సాధారణంగా వేదాంత విషయంగానో, ప్రసంగ విషయంగానో పరిగణిస్తాం. తెలుగు బైబిలు అనువాదంలో ఆ భావన ఏ మాటలలో, ఏ క్రియారూపాలలో వ్యక్తమైందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ‘భారము – బరువు’ అనే ప్రకృతి వికృతుల జంటనూ, ‘పడు’, ‘కొను’ అనే సహాయక క్రియలనూ, ‘చెల్లించు’, ‘తీర్చు’ వంటి లావాదేవీల క్రియలనూ ఆధారంగా తీసుకొని, బాధ్యత ఎవరు ఎవరితో పలికే మాట అన్న ప్రశ్న శిష్యత్వాన్ని నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తెలుగు బైబిలు, అనువాదం, బాధ్యత, శిష్యత్వం, మారుమనస్సు, ఆత్మార్థకం, గబ్బిలం.

1. ప్రవేశిక

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన మిషనరీలు 1805లో విశాఖపట్నం చేరి, తెలుగు నేర్చుకొని సువార్తల అనువాదానికి పూనుకున్నారు. శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. తరువాతి కాలంలో అనేక సవరణలు పొంది, నేటికీ తెలుగు సంఘాలలో విరివిగా చదివే పాత అనువాదం ‘పరిశుద్ధ గ్రంథము’ స్థిరపడింది. ఈ వ్యాసంలో పరిశీలించిన పదాలు ఆ అనువాదంలోనివి.

ఈ అనువాదాన్ని ‘మిషనరీ తెలుగు’ అని పక్కన పెట్టే ధోరణి సాహిత్య విమర్శలో ఉంది. అన్వయం కొన్నిచోట్ల కృతకంగా ఉన్నమాట నిజమే. అయినా లక్షలాది కుటుంబాలలో తరతరాలుగా బిగ్గరగా చదివిన వచనం అది. ఒక సమాజం తన తప్పు గురించీ, తన బాకీ గురించీ మాట్లాడుకునే భాషను అది రూపొందించింది. కనుక ఆ భాషను భాషగానే చదవాలి.

2. ‘భారము – బరువు’: ప్రకృతి వికృతుల వినియోగం

పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో, మూడు వచనాల ఎడంలో, పరస్పర విరుద్ధంగా కనిపించే రెండు మాటలున్నాయి. రెండో వచనం ఒకరి మోతను మరొకరు మోయమంటుంది. ఐదో వచనం ఎవరి మోత వారే మోసుకోవాలంటుంది. గ్రీకు మూలంలో రెండుచోట్ల రెండు వేర్వేరు నామవాచకాలున్నాయి. మొదటిది ‘బారె’, మనిషిని కుంగదీసే బరువులన్న అర్థంలో బహువచనం. రెండోది ‘ఫోర్తియోన్’, ఒక మనిషి మోసే మూటకూ, ఓడలో వేసిన సరకుకూ వాడే మాట. ఇంగ్లీషువారి కింగ్ జేమ్స్ అనువాదం రెండింటికీ ఒకే పదం వాడింది. దానివల్ల వైరుధ్యం మరింత ప్రస్ఫుటమైంది.

తెలుగు అనువాదం మొదటిచోట ‘భారము’, రెండోచోట ‘బరువు’ అన్నది. ‘బరువు’ అనేది ‘భారము’నకు వికృతి అని బడిలో చదువుకున్న ప్రతివారికీ తెలుసు. రెండు గ్రీకు పదాల భేదాన్ని చూపడానికి తెలుగు అనువాదం ఒకే కుదురు నుంచి వచ్చిన రెండు రూపాలను ఎంచుకున్నది. ఫలితంగా ఆ రెండూ వేర్వేరు వస్తువులుగా కాక, ఒకే మోతకు రెండు స్థితులుగా వినిపిస్తాయి. మనిషి ఒంటరిగా మోయగలిగినంత వరకు అది బరువు. మోయలేనంతగా పెరిగినప్పుడు భారం.

క్రియలలోనూ తేడా ఉంది. రెండో వచనంలో ‘భరించు’, ఐదో వచనంలో ‘భరించుకొను’. క్రియాఫలం కర్తకే చెందుతుందని సూచించే ‘కొను’ ఆత్మార్థకం. ఇతరుల మోతను భరించడంలో ‘కొను’ లేదు. తన మోతను భరించుకోవడంలో ఉంది. బోధకుడు గంటసేపు వివరించవలసిన భేదాన్ని తెలుగు క్రియ ఒక్క ప్రత్యయంతో చెప్పింది.

ఇది అనువాదకుల ఏకరూప సూత్రమని అనలేము. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో క్రీస్తు తన మోత తేలికైనదని చెప్పే చోట మూలంలో ‘ఫోర్తియోన్’ ఉన్నా తెలుగులో ‘భారము’ అనే ఉంది. అయితే అదే సువార్త ఇరవైమూడో అధ్యాయంలో, మోయలేని మూటలు కట్టి ఇతరుల భుజాలపై పెట్టి, తాము వేలైనా కదపని మతపెద్దలను క్రీస్తు నిందించే సందర్భంలో, రెండు పదాలూ పక్కపక్కనే వచ్చాయి. అక్కడ ‘భారము’ విశేషణంగా, ‘బరువు’ నామంగా కుదిరాయి. ప్రతివారికీ ఉండవలసిన బరువును ఇతరులకు భారంగా మార్చేవారు ఎవరో ఆ పదబంధం తేల్చి చెబుతుంది. వ్యక్తి బాధ్యతను బోధించే ప్రతివారూ ఎదుర్కోవలసిన మొదటి ప్రశ్న అదే.

3. ‘పడు’, ‘కొను’: పశ్చాత్తాపం, మనస్సు మార్చుకోవడం

గ్రీకు ‘మెతానోయియా’కు తెలుగు బైబిలు ‘మారుమనస్సు’ అనే సమాసాన్ని స్థిరపరచింది. ‘పశ్చాత్తాపము’ అనే సంస్కృత సమం అందుబాటులో ఉండగా ఈ పదం ఎందుకు అవసరమైంది? ‘పశ్చాత్తాపము’ తరువాత కలిగే తాపం. అందులో కాలం ఉంది, వేదన ఉంది, దిశ లేదు. ‘మారుమనస్సు’లో మార్పు ముందే ఉంది.

మత్తయి సువార్తలోని రెండు సందర్భాలు ఈ భేదాన్ని స్పష్టం చేస్తాయి. ఇరవైఒకటో అధ్యాయంలో ఇద్దరు కుమారుల ఉపమానం ఉంది. ద్రాక్షతోటలో పని చేయమని తండ్రి అడిగితే ఒకడు పోనని చెప్పి, తరువాత పోతాడు. ఇరవైయేడో అధ్యాయంలో, క్రీస్తుకు శిక్ష పడిందని తెలుసుకున్న యూదా ముప్పై వెండి నాణేలు తిరిగి తెస్తాడు. మూలంలో రెండుచోట్ల ఉన్నది ఒకే క్రియారూపం: ‘మెతమెలేథెయిస్’. తెలుగులో మాత్రం కుమారుడు ‘మనస్సు మార్చుకొని’ పోయాడు. యూదా ‘పశ్చాత్తాపపడి’ వచ్చాడు. ఒకచోట ‘కొను’, మరొకచోట ‘పడు’. ‘పడు’ అనుభవించడాన్ని చెబుతుంది: బాధపడు, భయపడు, సిగ్గుపడు. ‘కొను’ కర్త పూనికను చెబుతుంది. అనువాదకులు పదాన్ని కాక కథాగమనాన్ని అనువదించారు.

ఈ ఎంపిక యూదాకు పూర్తిగా న్యాయం చేసిందా? అతడు వేదనతో ఆగలేదు. తప్పు ఒప్పుకున్నాడు, సొమ్ము తిరిగి తెచ్చాడు. బాధ్యత స్వీకరించడానికి కావలసిన రెండు పనులూ చేశాడు. అయినా అతని కథ ఆత్మహత్యతో ముగిసింది. కారణాన్ని అతని మనస్సులోనే వెదకడం అలవాటు. ఆ సన్నివేశంలో అతనికి వచ్చిన జవాబును కూడా పరిశీలించాలి.

4. ‘చూచుకొను’: బాధ్యతను బదిలీ చేసే భాష

యూదా ఒప్పుకోలుకు ప్రధాన యాజకులూ పెద్దలూ ఇచ్చిన జవాబు, అది తమకు సంబంధించినది కాదని, అతడే ‘చూచుకొన’వలెనని. పాపపు ఒప్పుకోలును విని, ప్రాయశ్చిత్త మార్గం చూపవలసిన పదవిలో ఉన్నవారు వారే. ఇద్దరు కుమారుల ఉపమానాన్ని విన్నవారు కూడా ప్రధాన యాజకులూ పెద్దలే. అదే అధ్యాయంలో కొంతసేపటికి పిలాతు జనసమూహం ఎదుట చేతులు ‘కడుగుకొని’, మీరే చూచుకొనుడన్న అర్థంలో మాట్లాడతాడు. మూలంలోనూ రెండుచోట్ల చూపుకు సంబంధించిన ఒకే క్రియ ఉంది. తెలుగులో ‘చూచుకొను’ ఆ ప్రతిధ్వనిని చెక్కుచెదరకుండా నిలిపింది.

ఇక్కడ ‘కొను’ స్వభావం తలకిందులైంది. గలతీ పత్రికలో ‘భరించుకొను’ బాధ్యతను తనపైకి తెచ్చుకునే రూపం. యాజకుల నోట, అధిపతి నోట అదే ప్రత్యయం మధ్యమ పురుష విధ్యర్థకంలో చేరి, బాధ్యతను ఎదుటివారిపైకి నెట్టే రూపమైంది. పిలాతు తనకోసం వాడుకున్న ‘కొను’ ఒక్కటే: ‘కడుగుకొను’. వ్యాకరణం మారలేదు, వక్త స్థానం మారింది. బాధ్యత ఉత్తమ పురుషలో వ్రతం. అధికారం ఉన్నవారి నోట మధ్యమ పురుషలో అది తప్పించుకునే మార్గం కాగలదు.

ఆ వెంటనే జనసమూహం ఆ రక్తాపరాధాన్ని తమపైకీ, తమ పిల్లలపైకీ తెచ్చుకున్నట్లు మత్తయి వ్రాశాడు. ఐరోపా చరిత్రలో ఆ వాక్యాన్ని యూదు ప్రజలందరిపై ద్వేషానికి ఆయుధంగా వాడారు. తండ్రి దోషానికి కుమారుడు బాధ్యుడు కాడని యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం నిష్కర్షగా చెప్పింది. వ్యక్తి బాధ్యత అనే భావన అక్కడ శిక్షను పెంచడానికి రాలేదు. వంశంపై మోపిన నిందను తొలగించడానికి వచ్చింది.

5. చెల్లింపు భాష: జక్కయ్య, పౌలు

బాధ్యతను ఉత్తమ పురుషలో పలికిన ఇద్దరి మాటలు దీనికి భిన్నమైనవి. లూకా సువార్త పంతొమ్మిదో అధ్యాయంలోని జక్కయ్యను తెలుగు బైబిలు ‘సుంకపు గుత్తదారుడు’ అన్నది. పన్ను వసూలును గుత్తకు తీసుకొని, కట్టవలసినదానికి మించి రాబట్టుకునే వ్యవస్థ తెలుగువారికి పరిచితమే. ఆ ఒక్క మాటతో జక్కయ్య పాపం అంతరంగ విషయం కాకుండా ఆర్థిక విషయమైంది. అతని మారుమనస్సు కూడా అంకెలలోనే వ్యక్తమైంది: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు బాధితులకు. అపహరించిన సొమ్మును తనంతట ఒప్పుకున్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి ఇవ్వాలన్నది సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలోని విధి. గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొర్రెలివ్వాలన్నది నిర్గమకాండంలోని శిక్ష. జక్కయ్య తనకు తాను కఠినమైన కొలతనే ఎంచుకున్నాడు.

ఫిలేమోను పత్రికలో పౌలు ఇంకొక అడుగు వేశాడు. దాసుడైన ఒనేసిము యజమానికి ఏమైనా బాకీ ఉంటే దానిని తన లెక్కలో వేయమని, తానే తీర్చుతానని స్వహస్తంతో వ్రాశాడు. తెలుగు పాఠకుడికి అది చేవ్రాలు పెట్టిన రుణపత్రంలా వినిపిస్తుంది. దాస్య వ్యవస్థను ఆ పత్రిక ముఖాముఖి ప్రశ్నించలేదన్న విమర్శ సమంజసమే. అయినా బలహీనుడితో నీవే చూచుకో అనగల స్థానంలో ఉన్నవాడు ఆ మాట అనలేదు.

ఈ రెండు సందర్భాలలోని ప్రధాన క్రియలు ‘చెల్లించు’, ‘తీర్చు’. వీటికి ‘కొను’ చేరలేదు. ఫలం ఎదుటివారికి చేరుతున్నది. మనస్సు మార్చుకోవడంతో మొదలైనది చెల్లించడంలో ముగిసింది. తెలుగు బైబిలు భాషలో శిష్యత్వం ‘కొను’ నుంచి ‘చెల్లించు’కు సాగే ప్రయాణమని చెప్పవచ్చు. సిలువ ఎత్తుకోమన్న ఆదేశానికి లూకా సువార్త తొమ్మిదో అధ్యాయం ‘ప్రతిదినము’ అన్న మాట చేర్చింది. మత్తయిలో అది లేదు. ఆ చేర్పు ఈ ప్రయాణాన్ని ఏనాటికానాటి లెక్కగా మార్చింది.

6. తెలుగు సమాజ సందర్భం

ఈ చర్చ తెలుగునాట మరింత పదునెక్కుతుంది. వినుకొండలో 1895లో పుట్టి, క్రైస్తవ కుటుంబంలో పెరిగిన గుర్రం జాషువా 1941 నాటి ‘గబ్బిలం’లో కర్మ సిద్ధాంతాన్ని నిలదీశాడు. అస్పృశ్యుడి ఆకలి అతని పూర్వజన్మ ఫలమనడం, ఈ వ్యాసం పరిభాషలో, ‘చూచుకొనుము’ అనడమే. ఇతరులు మోపిన భారాన్ని అతని సొంత బరువుగా నమ్మించే భాష అది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడుగుతారు. క్రీస్తు ఆ ప్రశ్నను తోసిపుచ్చి, అతనికి చూపునిచ్చే పనికి పూనుకుంటాడు.

కనుక పేదరికానికీ రోగానికీ వ్యక్తి విశ్వాసలోపమే కారణమనే ప్రసంగ ధోరణి, జాషువా ఎదిరించిన తర్కానికి మరో రూపమే. దానికి విరుగుడుగా బాధ్యతంతా వ్యవస్థదేనని, లేదా సాతానుదేనని చెప్పడమూ సరికాదు. అది ఐదో వచనాన్ని తుడిచివేస్తుంది. ఇంట్లో భార్యను కొట్టినవాడు, సంఘం సొమ్ము తిన్నవాడు, కులం చూసి పెళ్లి సంబంధం వదులుకున్నవాడు తన బరువును ఎవరి భుజంపైకీ నెట్టలేడు.

7. ముగింపు

‘భారము – బరువు’ జంట ఈ రెండు అతివాదాలనూ నిలువరిస్తుంది. ఐదో వచనం లేని రెండో వచనం బాధ్యతారాహిత్యానికి ఆశ్రయమిస్తుంది. రెండో వచనం లేని ఐదో వచనం యూదాను ఒంటరిగా పంపివేస్తుంది. గలతీ పత్రికలో ఈ రెండింటికీ ముందున్న వచనం, తప్పులో చిక్కుకున్నవాడిని సాత్వికంగా దారికి తీసుకురమ్మని సంఘానికి చెప్పిన మాట కావడం గమనార్హం. దేవాలయంలో ఆ నాడు యూదాకు దొరకనిది అదే.

బాధ్యతను గురించిన ఏ క్రైస్తవ వచనాన్నైనా, అది ప్రసంగమైనా, కీర్తనైనా, కథైనా, పరీక్షించడానికి తెలుగు వ్యాకరణమే ఒక గీటురాయినిచ్చింది. అందులోని ‘కొను’ ఏ పురుషలో ఉన్నదో, దాని తరువాత ‘చెల్లించు’ వచ్చిందో లేదో చూడాలి. మిషనరీ తెలుగుగా మనం తోసిపుచ్చిన వచనం ఇంత సూక్ష్మమైన నైతిక భేదాలను పలికించగలిగింది. కనుక దానిని భాషాశాస్త్ర, శైలీశాస్త్ర దృష్టులతో పునఃపరిశీలించవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులది. ఆ బరువును మనమే భరించుకోవాలి.