యంత్రం ఆగింది, గోడ నిలిచింది: బెడ్‌జెడ్ ప్రణాళికపై పునర్విమర్శ

దక్షిణ లండన్‌లోని సటన్ బరోలో 2002లో పూర్తయిన బెడ్‌జెడ్ నివాస సముదాయాన్ని రెండు వాదాల వారూ సాక్ష్యంగా పిలుస్తుంటారు. నెట్ జీరో, అంటే కర్బన ఉద్గారాల నికర మొత్తం సున్నాగా ఉండే పేట, సాధ్యమేనని కొందరు. అది ఊహాలోకమని మరికొందరు. ప్రణాళికలోని అంగాలను విడివిడిగా పరీక్షించకుండా మొత్తానికి ఒకే తీర్పు చెప్పడం ఉభయులూ చేస్తున్న పొరపాటు.

వాస్తుశిల్పి బిల్ డన్‌స్టర్ రూపకల్పనలో, పీబాడీ ట్రస్ట్, బయోరీజనల్ సంస్థల పూనికతో ఇక్కడ 82 ఇళ్ళు, కొన్ని కార్యస్థలాలు వెలిశాయి. ప్రణాళికలో రెండు భాగాలున్నాయి. మొదటిది, అవసరాన్నే తగ్గించడం: గోడల్లో 300 మిల్లీమీటర్ల మందాన ఉష్ణనిరోధక పొర, దక్షిణాభిముఖంగా అద్దాల వసారాలు, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే పైకప్పు గొట్టాలు. రెండవది, మిగిలిన అవసరాన్ని అక్కడికక్కడే తీర్చడం: చెక్కముక్కల నుంచి తీసిన వాయువుతో విద్యుత్తును, వేడినీటిని కలిపి ఉత్పత్తి చేసే చిన్న కేంద్రం, దానికి తోడు 777 చదరపు మీటర్ల సౌరఫలకాలు.

మొదటి భాగం నిలిచింది. బయోరీజనల్ 2009లో ప్రచురించిన నివేదిక ప్రకారం, సటన్ సగటుతో పోలిస్తే ఇక్కడ వేడికి వాడే శక్తి 81 శాతం, విద్యుత్తు 45 శాతం తక్కువ. ఆ సగటులో పాత ఇళ్ళు ఎక్కువ కనుక పోలిక కొంత అనుకూలమైనదే. వేసవిలో ఇళ్ళు మరీ వేడెక్కుతున్నాయని చెప్పిన నివాసులూ ఉన్నారు. అయినా ఫలితం చిన్నది కాదు.

రెండవ భాగం కూలింది. చెక్క వాయువులో తారు ఉంటుంది. దాన్ని పూర్తిగా తొలగించకపోతే యంత్రం మొరాయిస్తుంది. ఇంత చిన్న పరిమాణంలో ఇంకా ప్రయోగదశ దాటని ఆ కేంద్రం సాంకేతిక సమస్యలతో 2005లో మూతపడింది. ఆ బాధ్యత గ్యాస్ బాయిలర్ల మీద పడింది. పేట లెక్కంతటినీ ఒకే యంత్రం మీద నిలబెట్టి, అది ఆగితే ఏమిటన్న ప్రశ్నకు ఉద్గారాలు లేని జవాబును సిద్ధం చేయకపోవడమే ఇక్కడి అసలు లోపం.

ఇంకొక లోపం నెట్ జీరో అన్న మాటలోనే ఉంది. జూన్‌లో మిగిలిన సౌరవిద్యుత్తును డిసెంబరు లోటుకు జమకట్టితే కాగితం మీద సున్నా వస్తుంది. ఆ డిసెంబరు రాత్రి మాత్రం ఎక్కడో ఇంధనం మండుతూనే ఉంటుంది. రోగి శరీరోష్ణానికి ఏడాది సగటు తీసి జ్వరం లేదని తేల్చే వైద్యుడు ఉండడు. పేటకు కూడా గంటగంటకూ వేసిన లెక్కే సరైన లెక్క.

2016 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త ఇళ్ళన్నీ కర్బనరహితంగా ఉండాలని బ్రిటిష్ ప్రభుత్వం 2006లో ప్రకటించింది. ముందు గోడలు, కిటికీల సామర్థ్యం; తర్వాత అక్కడికక్కడి ఉత్పత్తి; చివరికి మిగిలినదానికి వేరేచోట పరిహారం. ఆ విధానం కోసం రూపొందిన ఈ క్రమం బెడ్‌జెడ్ అనుభవానికి సరిపోయినదే. అమలుకు కొద్ది నెలల ముందు, 2015 జులైలో, ఆ విధానాన్నే ప్రభుత్వం పక్కన పెట్టింది. గోడ కట్టేటప్పుడే నిర్మాణదారు పెట్టవలసిన ఖర్చు, ఏటేటా నివాసి కట్టే బిల్లుగా మారింది. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోలేని వృద్ధులకు, ఉబ్బసం ఉన్న పిల్లలకు అది ఆరోగ్యపు మూల్యం కూడా.

కొత్త ప్రణాళిక ఏది చేతికొచ్చినా మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడగాలి. యంత్రాలన్నీ ఆగిపోయిన రోజు ఈ ఇల్లు ఎంతసేపు వెచ్చగా ఉంటుంది? అత్యంత చలి రాత్రి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? తాళాలు అప్పగించిన పదేళ్ళకు మరమ్మతు ఎవరి బాధ్యత? వీటికి జవాబు లేని సున్నా, అంకెగా ఎంత అందంగా ఉన్నా, ప్రణాళిక అనిపించుకోదు.