తక్కువ కోత ఏది?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక వాట్సాప్ సందేశం. ఖమ్మంలో ఉండే మా అన్నయ్య కూతురు పంపింది. బరువు తగ్గించే సర్జరీ కోసం మూడు ఆసుపత్రులు ఇచ్చిన కాగితాల ఫోటోలు. ఒకచోట స్లీవ్ చేద్దామన్నారు, ఇంకోచోట మినీ బైపాస్, మూడోచోట బైపాస్. మూడింట్లోనూ ప్యాకేజీ ధర, దాని కింద నెల నెలా కట్టాల్సిన వాయిదా. చివర్న ఓ వాయిస్ మెసేజ్: "బాబాయ్, ఏది చేయించుకోమంటావు? ఎల్లుండిలోగా చెబితే పది శాతం తగ్గిస్తారట."

ఆ పది శాతం దగ్గర నా ఒళ్లు మండింది. ప్యాకేజీ అన్న మాటంటే నాకెంత పడదో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. జన్మంతా మోయాల్సిన నిర్ణయానికి ఎల్లుండి గడువు పెట్టడం అన్యాయం. ఆ మాట ఎవరన్నా సరే, అన్యాయమే.

అమ్మాయికి ముప్పై ఎనిమిదేళ్లు. హైస్కూల్లో లెక్కల టీచరు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 104 కిలోలు. అంటే బీఎంఐ 42. షుగర్ ఉంది. మోకాళ్లు నొప్పి. రాత్రి పడుకుంటే పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట, రెండు దిండ్లు లేనిదే నిద్ర పట్టదు. చేయని ప్రయత్నం లేదు. కొబ్బరినూనె డైట్ ఊరూరా ఊపేసిన రోజుల్లో అదీ చేసింది, పద్దెనిమిది కిలోలు తగ్గింది, ఏడాదిన్నరలో అంతా తిరిగొచ్చింది. "నోరు కట్టుకుంటే పోయేదానికి ఆపరేషన్ దేనికి" అనే చుట్టాలు మాకూ ఉన్నారు. ఒక పెళ్లి పంక్తిలో ఒకావిడ ఈ పిల్ల విస్తరి చూసి "నీకెందుకే బూరె" అనడం నేను విన్నాను. పిల్ల సగంలో చెయ్యి కడుక్కుంది. నోరు కట్టుకోవడం చేతగాక ఎవరూ 104 కిలోలకు చేరరు. తిండి తగ్గించి బరువు దించితే శరీరం ఆకలిని పెంచి, శక్తి ఖర్చును తగ్గించి, పోయిన బరువు మళ్లీ రాబట్టుకుంటుంది. ఇది రోగం. దీనికి వైద్యం అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంజెక్షన్లు వచ్చాయిగా అంటారు. వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. బాగా పనిచేస్తోంది. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి వాడాలి. అది వేరే వారం మాట్లాడుకుందాం. అమ్మాయి సర్జరీకే సిద్ధపడింది, అడిగిన ప్రశ్న ఏ రకం అని.

నా పాత పాట మీకు తెలుసు. మోకాలైనా, కంటి శుక్లమైనా, గర్భసంచైనా తక్కువ కోతే మేలు. ఆ లెక్కన నా ఓటు స్లీవ్‌కి. మన దేశంలో ఎక్కువగా చేసేవాటిలో అదొకటి. నోట్లోంచి ఒక గొట్టాన్ని జీర్ణాశయంలోకి, దాని లోపలి వంపు వెంట దింపుతారు. ఆ గొట్టాన్ని కొలబద్దగా పెట్టుకుని పక్కనుంచి స్టేప్లర్ నడుపుతారు. స్టేప్లర్ ఒక్కో నొక్కుకీ అటూ ఇటూ సన్నటి టైటానియం పిన్నుల వరసలు పడతాయి, మధ్యలోంచి బ్లేడు కోసుకుంటూ పోతుంది. మూడొంతులకు పైగా జీర్ణాశయం విడిపోతుంది. దాన్ని పొట్టమీద పెట్టిన చిన్న రంధ్రంలోంచి బయటికి లాగేస్తారు. లోపల అరటికాయంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ పైభాగంలోనే కాబట్టి ఆకలీ తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. తిన్నది ఎప్పుడూ వెళ్లే దారినే వెళుతుంది.

పేగును కూడా కోసే బైపాస్ అంటే నాకు భయం కలగడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా తాతయ్య.

తాతయ్యకు తెనాలిలో 1971లో అల్సర్ ఆపరేషన్ అయింది. ఈ తరానికి ఆ మాటే తెలియదు. అప్పట్లో కోస్తా ఊళ్లలో పొట్టమీద నిలువు గాటు లేని పెద్దమనిషి ఉన్న వీధి అరుదు. హెలికోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి వల్ల అల్సర్ వస్తుందని ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ కనిపెట్టి, యాసిడ్ తగ్గించే మాత్రలు వచ్చాక ఆ ఆపరేషన్లు దాదాపు పోయాయి. అది కనిపెట్టినందుకు వాళ్లకు 2005లో నోబెల్ ఇచ్చారు. తాతయ్య నాటికి అదేం లేదు. జీర్ణాశయం కింది భాగం కోసేసి, మిగిలినదాన్ని చిన్నపేగు మడతకు కలిపి కుట్టారు. వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ 1885లో మొదలుపెట్టిన పద్ధతి.

నొప్పి పోయింది. ఆయన భోజనం మాత్రం అప్పటినుంచీ వేరు. నాయనమ్మ ఆయనకు కంచం పెట్టేది కాదు. ఒక చిన్న స్టీలు గిన్నెలో గుప్పెడు అన్నం, ముద్దపప్పు, అర చెంచా నెయ్యి వేసి వేళ్లతో మెత్తగా మెదిపి ఇచ్చేది. పక్కన మంచినీళ్లు పెట్టేది కాదు. తిన్న అరగంటకు గానీ చెంబు అందించేది కాదు. మళ్లీ రెండు గంటలకు ఇంకో గుప్పెడు. ఆవిడకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, ఆయన ముఖం చూసి నేర్చుకుంది. ఇప్పుడు బరువు తగ్గించే సర్జరీ చేసే ఆసుపత్రుల్లో డైటీషియన్లు ఇచ్చే కాగితంలో సరిగ్గా ఇవే ఉంటాయి. కొంచెం కొంచెం, మెత్తగా, నెమ్మదిగా, నీళ్లు విడిగా.

పండగల్లో ఆవిడ కళ్లుగప్పి తాతయ్య పరమాన్నం తినేవాడు. నాలుగు చెంచాలు. కాసేపటికి చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం. నవారు మంచమ్మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరేవాళ్లు. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేవాళ్లు. తీపి జీర్ణాశయంలో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి దూకితే అది ఒంట్లోని నీటిని తనవైపు లాగేస్తుంది. దీన్ని డంపింగ్ అంటారని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

పదేళ్లు గడిచాక మెల్లగా పాలిపోయాడు. నాలుక నున్నగా ఎర్రబడింది. అరికాళ్లకు తిమ్మిర్లు. గడప తన్నుకుని పడేవాడు. వయసన్నారు, టానిక్కులు తాగించారు. చివరికి ఒక కుర్ర డాక్టరు ఆయన చొక్కా ఎత్తి పొట్టమీది గాటు చూసి "ఇదెప్పటిదండీ?" అని అడిగాడు. ఆ తర్వాత ఎర్రటి ఇంజెక్షన్లు రాశాడు, బీ12. మనం తిన్న బీ12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం సాయం కావాలి. ఆపరేషన్ తర్వాత కాలేయంలోని నిల్వతో కొన్నేళ్లు నెట్టుకొస్తారు, ఆ తర్వాత అప్పు బయటపడుతుంది. గుడ్డు కూడా ముట్టని మా ఇంట్లో ఆ నిల్వ మొదట్నుంచీ తక్కువే. కొన్ని నెలల్లో తాతయ్య కాలవగట్టు దాకా కర్ర లేకుండా నడిచాడు. ఎనభై నాలుగేళ్లు బతికాడు.

తాతయ్యలాంటి అల్సర్ రోగులే బరువు తగ్గించే సర్జరీకి దారి చూపారు. అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్, అల్సర్ కోసం జీర్ణాశయం కొంత తీయించుకున్నవాళ్లు సన్నబడిపోవడం, మళ్లీ ఒళ్లు చేయకపోవడం గమనించాడు. 1966లో ఇటో అనే సహచరుడితో కలిసి ఊబకాయానికి మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. 1997లో రట్లెడ్జ్ అనే ఇంకో సర్జన్ మొదలుపెట్టిన మినీ బైపాస్‌లోనైతే పేగు మడతకు వేసే ఒకే ఒక్క అతుకు తాతయ్య అతుకుకి దగ్గర చుట్టం. కాబట్టి ఆ చెమటలు, ఆ తిమ్మిర్లు మా పిల్లకు వద్దు, స్లీవే మంచిదని ఫోన్ చేయబోయాను. చేసేముందు కూర్చుని చదివాను.

చదివేకొద్దీ నా తక్కువ కోత లెక్క తలకిందులైంది. స్లీవ్‌లో తీసేసిన జీర్ణాశయం తిరిగి రాదు. అసలు బైపాస్‌లో ఏదీ తీసి పారెయ్యరు. పైన రెండు పెద్ద చెంచాలు పట్టేంత సంచిని వేరుచేసి, చిన్నపేగును కోసి ఒక కొసను దానికి కలుపుతారు. మిగిలిన జీర్ణాశయం లోపలే ఉండి తన రసాలు తాను ఊరిస్తుంటుంది. ఆ రసాలు, పైత్యరసం దాదాపు మీటరు, మీటరున్నర కింద వచ్చి ఆహారంతో కలుస్తాయి. కష్టమే అయినా, తప్పనిసరైతే మళ్లీ వెనక్కి కలపొచ్చు. అతుకులు రెండు, పని ఎక్కువ, పేగు లోపల మెలికపడే ప్రమాదం కొంత ఉంటుంది. కానీ ఒంట్లోంచి పోయేదేమీ లేదు.

ఆ రెండు దిండ్ల సంగతి అంతకన్నా ముఖ్యం. స్లీవ్ తర్వాత మిగిలేది సన్నటి, సాగని గొట్టం. లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. ఫిన్లాండ్‌లో 240 మందిని స్లీవ్‌కీ బైపాస్‌కీ చీటీ తీసినట్టు పంచి పదేళ్లు చూశారు. ఉండాల్సినదానికన్నా ఎక్కువున్న బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ వాళ్లు 51.9 శాతం తగ్గారు. షుగర్ అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అన్నవాహిక ఒరిసిపోవడం మాత్రం స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి. గుండెల్లో మంట లేనివాళ్లకు స్లీవ్ ఇవాళ్టికీ మంచి ఆపరేషనే. ఇప్పటికే మంటతో నిద్రపట్టని పిల్లకు కాదు.

మినీ బైపాస్ తొందరగా అయిపోతుంది, బరువూ బాగా తగ్గిస్తుంది. ఫ్రాన్స్‌లో చేసిన పరీక్షలో బరువు తగ్గించడంలో అసలు బైపాస్‌కి తీసిపోలేదు గానీ, 200 సెంటీమీటర్ల పేగును దాటించడంతో పోషకాల లోపాలు ఎక్కువ కనిపించాయి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. పప్పు, పెరుగు, పనీరుతో చిన్న పొట్టలో అంత పట్టించడమే మా ఇళ్లలో కష్టం. పైగా ఆ పద్ధతిలో పైత్యరసం పైకి ఎగదన్నే భయం ఉంది.

బైపాస్‌కు ఎదురు నిలిచేది ఒకటుంది, నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్‌లాంటివి, పొగతాగడం, ఈ రెండూ బైపాస్ అతుకు దగ్గర పుండు చేస్తాయి. ఫోన్ చేసి అడిగాను. "రోజుకొకటి బాబాయ్. పరీక్షలప్పుడు నిలబడే డ్యూటీ పడితే రెండు" అంది. మూడు ఆసుపత్రుల్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఎండోస్కోపీ కూడా ఎక్కడా చేయలేదు.

మంచి సర్జన్‌ని ఎంచుకుని పద్ధతి ఆయనకే వదిలేయండి అని ఇక్కడ చాలాసార్లు రాశాను. చేయి తిరిగిన సర్జన్ కావాలన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఏ సర్జన్ అయినా తన చేతికి అలవాటైన ఆపరేషనే ముందు చెప్తాడు, అది సహజం. ఎన్ని దిండ్లు పెట్టుకుంటుందో, హ్యాండ్‌బ్యాగులో ఏ మాత్రలున్నాయో తెలిసింది ఆ పిల్లకే. ఈ ఎంపికలో ఆమె మాటే ముందుండాలి.

నేనేమన్నానంటే, ఎండోస్కోపీలో అడ్డేమీ కనబడకపోతే, ఎముకల డాక్టరు డైక్లోఫెనాక్ మాన్పించి పారాసిటమాల్‌తో నడిపిస్తానంటే, అసలు బైపాస్ చేయించుకో. బరువు దిగితే మోకాళ్లకూ ఊరట దొరుకుతుంది. తాతయ్య పడిన బాధ అతుకు వల్ల కన్నా, అతుకు తర్వాత ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చింది. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్షలు తప్పకూడదు. వీధి చివర ల్యాబ్ ఉంది, పిల్ల లెక్క తప్పని మనిషి. చేయగలదు.

"మరి ఎల్లుండి ఏం చెప్పను?" అంది.

"ఎల్లుండి ఎండోస్కోపీకి వెళ్లు తల్లీ. ఆ పది శాతం పోనీ. బీఎంఐ 40 దాటితే ఆరోగ్య బీమాలో ఈ సర్జరీకి అవకాశం ఉంటుంది, ముందు నీ పాలసీ తీసి చూడు" అన్నాను. 35 దాటి గుండెజబ్బు, అదుపులేని షుగర్, తీవ్రమైన నిద్రాశ్వాస ఇబ్బంది లాంటివి ఉన్నా బీమా నియమాలు ఒప్పుకుంటాయి. చాలామందికి ఇది తెలియక అప్పు చేస్తున్నారు.

సర్జరీకి వెళ్లబోయే పాఠకులకు నా మనవి. గుండెల్లో మంట, నొప్పి మాత్రలు, పొగ అలవాటు ఉంటే, అడగకపోయినా సర్జన్‌కు చెప్పండి. ఎండోస్కోపీ చేయకుండా రకం తేల్చేస్తే ఇంకోచోటికి వెళ్లండి. ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోండి. ఏ రకం చేశారో, పేగు ఎన్ని సెంటీమీటర్లు దాటించారో అందులో ఉంటుంది. ఇకమీదట ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించండి.