పేలని తూటా

నా బల్ల మీద తయారయ్యే తూటాల్లో అన్నిటికన్నా విలువైనది పేలని తూటా. అందులో మందు ఉండదు, మందును అంటించే ప్రైమర్ ఉండదు. కాల్చేశాక మిగిలిన ఇత్తడి తొడుగును ఇక్కడ టెక్సస్‌లో అందరూ బ్రాస్ అంటారు. దానికి కొత్త బుల్లెట్ బిగించి, అసలువాటిలో కలిసిపోకుండా పక్కన చిన్న రంధ్రం వేస్తాను. పిస్టల్ గురి బాగుపడాలంటే ఏం చేయాలని అడిగే మనవాళ్లకు ముందుగా చేతిలో పెట్టేది అదే.

మొన్నీమధ్య గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఓ కుర్రాడు పాయింట్ 45 పిస్టల్‌తో మా షూటింగ్ క్లబ్బుకు వచ్చాడు. "అన్నా, ఈ ఫ్యాక్టరీ తూటాలు బాలేవు. అన్నీ కిందికి, ఎడమకే పోతున్నాయి. నీలాగా సొంతంగా చేసుకుంటే సరిపోతుందా?" అన్నాడు. కుడిచేతివాటం మనిషికి దెబ్బలు కింద ఎడమవైపు పడుతుంటే తూటాను అనుమానించే ముందు చేతిని చూడాలి. అతన్ని అటు తిరగమని మ్యాగజైన్ నేనే నింపాను. అయిదింటిలో రెండు పేలనివి. మొదటి రెండూ పేలాయి. మూడోసారి హ్యామర్ టక్కుమంది, అంతే. చప్పుడు లేదు, పిస్టల్ వెనక్కి తన్నలేదు, అయినా దాని మూతి గభాలున కిందికి వంగింది.

"చూశావా తమ్ముడూ?"

"చూశానన్నా."

అసలు తూటా పేలినప్పుడు ఈ వంపు కనపడదు. పేలుడు ధాటికి పిస్టల్ పైకి లేచి దాన్ని దాచేస్తుంది. హ్యామర్ పడ్డాక బుల్లెట్ బ్యారెల్ దాటడానికి పట్టేది సెకనులో వందో వంతు కూడా కాదు. అంత తక్కువ వ్యవధిలో మనిషి స్పందించలేడు. కాబట్టి గురి చెడగొట్టేది తన్ను కాదు, తన్నబోతోందన్న భయం. ఆ భయంతో మణికట్టు, వేళ్లు ముందే బిగుసుకుంటాయి. ఎంతమంది గురువులు ఎన్ని మాటల్లో చెప్పినా ఒంటికి ఎక్కని ఈ సంగతి పేలని తూటా ఒక్క టక్కుతో చూపిస్తుంది.

ఆ వంపు చిన్నదే కదా అనిపిస్తుంది. ముందు, వెనక సైట్ల మధ్య దూరం ఆరంగుళాలున్న పిస్టల్‌లో ఆ రెండింటి వరస ఒక మిల్లీమీటరు తప్పితే 25 గజాల దూరంలో దెబ్బ 15 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే సైట్ల వరస చెదరకుండా చెయ్యి మొత్తంగా ఒక సెంటీమీటరు ఊగితే దెబ్బ కూడా ఒక సెంటీమీటరే తప్పుతుంది. అందుకే లక్ష్యం మసకగా కనిపించినా ఫరవాలేదు, చూపు ముందు సైటు మీదే ఉండాలంటారు. చెయ్యి ఊగడాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు. ఆ ఊగులాటను ఒప్పుకుని, ట్రిగ్గర్‌ను సూటిగా వెనక్కి, ఒకే ఒత్తిడితో లాగుతూ పోవడమే విద్య. ఇప్పుడు కొట్టేయాలి అని మనసు తొందరపెట్టిందో, దెబ్బ చెడినట్టే.

మరి తూటాలు చేసుకోవడం ఎందుకు? ఒంటిచేత్తో కాల్చే బుల్స్‌ఐ పోటీల్లో 50 గజాల దూరంలో పది మార్కుల వలయం వ్యాసం 3.36 అంగుళాలు. పిస్టల్‌ను చేతితో సంబంధం లేకుండా మిషన్‌ రెస్ట్‌లో బిగించి కాలిస్తే, మంచి పిస్టల్, దానికి నప్పిన తూటా ఆ వలయంలోనే సర్దుకుంటాయి. ఆ పరీక్ష అయ్యాక తప్పు మోపడానికి చెయ్యి తప్ప ఇంకేమీ మిగలదు. నేను తూటాలు చేసుకునేది ముఖ్యంగా అందుకే. తన్ను కాస్త మెత్తగా ఉండేలా, కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం పడేలా చేసుకోవచ్చన్నది రెండో కారణం. డబ్బు ఆదా అవుతుందని చాలామంది ఈ పనిలోకి దిగుతారు. కానీ ఆదా అయినదంతా ఇంకా ఎక్కువ కాల్చడానికే పోతుంది.

ఈ పనిలో నాకు ఇష్టమైనది మందు తూచే ఘట్టం. లెక్కంతా గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ, గురివింద గింజ బరువులో సగం పైచిలుకు. అందులో పదో వంతు తేడా కూడా త్రాసు చూపాలి. అచ్చయిన మాన్యువల్‌లో ఉన్న కొలత దాటకూడదు. బల్ల మీద ఒకే రకం మందు డబ్బా ఉండాలి. ఫోన్ పక్క గదిలో ఉండాలి. పిస్టల్ బ్రాస్‌లో చాలాసార్లు మందు సగం కూడా నిండదు. రెండుసార్లు పడినా బయటికి పొంగదు కాబట్టి చూడనివాడికి తెలియదు. అలాంటి తూటా పిస్టల్‌ను బద్దలు చేస్తుంది. మందు అసలు పడకపోతే ఇంకో గండం. ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్ మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది. చప్పుడు తేలిగ్గా వచ్చిందని గమనించకుండా మరొకటి కాలిస్తే బ్యారెల్ చెడుతుంది, వేళ్లకూ ముప్పే. అందుకే బుల్లెట్ బిగించే ముందు టార్చి వెలుగులో ప్రతి బ్రాస్ లోపలికీ తొంగి చూస్తాను. ఒకసారి తొంగి చూసిన వరసను ఇంకోసారి చూస్తాను. ఈ శ్రద్ధ అలవాటైన మనిషి రేంజ్‌లో తొందరపడడు. ఒక పని రెండో పనికి నేర్పే పాఠం ఇంతకన్నా గొప్పది లేదనుకుంటాను.

అయినా ప్రపంచంలోని మేటి పిస్టల్ షూటర్లలో చాలామందికి ఈ బల్లతో పనే లేదు. ఒలింపిక్స్ పిస్టల్ పోటీలు జరిగేది ఎయిర్ పిస్టల్ తోనూ, పాయింట్ 22 రిమ్‌ఫైర్ తోనూ. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు అంచు మడతలోనే ఉంటుంది. ఒకసారి నలిగిందంటే ఆ బ్రాస్‌ను మళ్లీ నింపలేం. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయసులో ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఆ పతకాల వెనక ఉన్నది ట్రిగ్గర్ మీది వేలు.

హైదరాబాద్, విజయవాడల నుంచి తూటాలు నింపే ప్రెస్ గురించి ఉత్తరాలు రాసేవాళ్లకు నా జవాబు ఇదే. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, ఆ ఆలోచన మానుకోండి. దగ్గర్లోని రేంజ్‌లో కోచ్ దగ్గర చేరి ఎయిర్ పిస్టల్ పట్టండి. దాని ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలన్నది పోటీ నియమం. పోటీ పిస్టళ్లలో గుండు లేకుండానే ట్రిగ్గర్ లాగి సాధన చేసే ఏర్పాటు ఉంటుంది. లక్ష్యం కాగితం కూడా వద్దు, ఖాళీ తెల్లగోడ చాలు. టక్కుమన్న క్షణంలో ముందు సైటు కదిలిందా లేదా, అంతవరకే చూడండి.