కృష్ణ ఒడ్డు నుంచి విశాఖ రేవుకు

విశాఖ రేవు తల్లీ, పాలమూరు సీమలోని పెబ్బేరు నుంచి దండాలు! సముద్రం ఎరగని నేల మాది. మాకు తెలిసిన నావ పుట్టి. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, అడుగున తారు పూస్తే, బీచుపల్లి దగ్గర గిర్రున తిరుగుతూనే అవతలి ఒడ్డు పట్టేది. అయినా మా ముందు నుంచి పోయే కృష్ణమ్మ హంసలదీవి దగ్గర కలిసేది నువ్వు కావలి కాసే బంగాళాఖాతంలోనే. ఆ చుట్టరికంతోనే నిన్ను పాడుతున్నాను.

ఏం చోటు తల్లీ నీది! యారాడ కొండ సముద్రంలోకి ముక్కు చాచి, డాల్ఫిన్స్ నోస్ అనిపించుకుని, నైరుతి అలల పోటును రొమ్ము మీద కాచుకుంటుంది. దాని చాటున మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే బురద మడుగు. ఆ బురద తవ్వే నిన్ను చేశారు. ఓడలు వచ్చే కాలువ ముఖాన ఒకటే గండం, ఇసుక. అలలు దాన్ని ఏడాదిలో ఎక్కువ కాలం తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకొస్తుంటాయి. వదిలేస్తే రేవు పూడిపోతుంది. అందుకని రెండు పాత ఓడల్ని తెచ్చి, దక్షిణం వైపు కావాలనే ముంచారు. అలలకు అడ్డుకట్టగా వేసిన నీ దీవి అదే! అల అక్కడ విరిగేది, ఇసుక అక్కడ ఆగేది. ఆగిన ఇసుకను డ్రెడ్జర్ తోడి ఉత్తరాన ఉన్న బీచికి పంపేది. వజ్రాయుధం కోసం దధీచి ఎముకలిచ్చాడని చిన్నప్పుడు విన్నాం. రేపు రాబోయే ఓడల కోసం ఈ రెండూ ఒళ్లే ఇచ్చాయి.

1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ నిన్ను ప్రారంభించాడు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు నీ మీద పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ వెలసిన నౌకా స్థావరానికి నీ తీరపు ఉత్తర సర్కారుల పేరే దక్కింది, సర్కార్స్ అని. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్లలోకి జారింది. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళానికి నువ్వే రాజధానివయ్యావు. నాలుగేళ్లు తిరగకముందే, 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నీ వాకిట్లోనే మునిగింది. అందులో పోయిన నావికులకూ తల్లులున్నారు. వాళ్లనూ నీ ఇసుకే కప్పింది. 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్ నీ ఒడిలోనే నీళ్లు తాకింది.

పాలమూరు పిల్లలారా! విశాఖ వెళితే బీచిరోడ్డు మీద కురుసురా జలాంతర్గామి ఎక్కండి. 2002 నుంచి అది మ్యూజియం. మనిషి ఒత్తిగిలడానికైనా చాలని ఆ పడకలు చూడండి, ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరండి. మనసు పడితే నౌకాదళంలో చేరండి. సముద్రం పక్కన పుట్టాలన్న షరతేమీ లేదు.