ధరల పట్టికలో దాగిన కమ్మరి

పాత్రలు ధరించి ఆడు రోల్ ప్లేయింగ్ గేమ్ గ్రంథమును చేతికందుకొన్నవారిలో పెక్కుమంది మొదట రాక్షసుల చిత్తరువులున్న పుటలు త్రిప్పుదురు, పిదప మంత్రముల ప్రకరణము వెదకుదురు. కత్తులు, కవచములు, త్రాళ్ళు, కాగడాలు, గుఱ్ఱములు తమ తమ వెలలతో వరుసలు దీరి నిలిచిన పుటను మాత్రము పచారి కొట్టు చిట్టాను చూచినట్లు చూచి దాటిపోదురు. ఆ పుటను దాటలేని అల్పసంఖ్యాకులలో నేనొకడను. ఒక కల్పిత లోకము ఎంత నిజమో తెలిసికొనగోరువాడు అచటి రాజవంశావళిని చదువనక్కరలేదు. అచట ఒక గొలుసు కవచమునకు ఎన్ని దినముల కూలి చెల్లునో అడిగిన చాలును. ఆ ప్రశ్నకు తడబడక బదులు చెప్పగల పట్టికను వ్రాయుట గొప్ప శిల్పమని నా దృఢవిశ్వాసము.

ఆ శిల్పపు మర్మము గొలుసు కవచమునందే తేటపడును. ఇనుపకడ్డీని కాల్చి సాగగొట్టి, చిల్లుల పలకగుండ లాగి తీగ చేయవలెను. తీగను ఊచకు చుట్టి, ఆ చుట్టను కోసి వలయములు తీయవలెను. ఒక్కొక్క వలయపు కొనలను చదునుగొట్టి, సన్నని బెజ్జము పొడిచి, ఇరుగుపొరుగునున్న నాలుగు వలయములతో కూర్చి, ఆవగింజంత మేకు నిలిపి బిగగొట్టవలెను. ఒక నిండు చొక్కాయకు ఇట్టి వలయములు 20,000 మొదలు 30,000 వరకు పట్టును. కావున నిపుణుడైన పట్టికాకర్త లోహపు తూకముతో లెక్క నారంభింపడు. చేతిపని దినములతో ఆరంభించును. ఆ దినములను కూలితో గుణించి, కొలిమి మ్రింగిన బొగ్గును కలిపి, ముడిసరకు ఎంత దూరమునుండి వచ్చెనో విచారించి, అంతమున వృత్తిశ్రేణి పెద్దలు పుచ్చుకొను భాగమును చేర్చిననే వెల తేలును. 14వ శతాబ్దపు ఇంగ్లండులో కాల్బలపు విలుకానికి దినమునకు 3 పెన్నీలు, అశ్వారూఢుడైన విలుకానికి 6, పూర్ణకవచధారియైన యోధునికి 12 వేతనముగా చెల్లుచుండెను. ఇట్టి కొలబద్ద యొకటి చేతనున్నవానికి కత్తి వెలయు, రొట్టె వెలయు ఒకే లోకమునకు చెందినవై కనబడును.

వాస్తవచరిత్ర కల్పనకంటె ఎంత విచిత్రమో చూడుడు. రిప్యుయేరియన్ ఫ్రాంకుల ధర్మశాస్త్రము జరిమానాలకై వస్తువులకు వెలకట్టినది: ఆరోగ్యముగల ఎద్దుకు 2 సాలిడు నాణెములు, గొలుసు కవచమునకు 12, శిరస్త్రాణమునకు 6, డాలును ఈటెను కలిపి 2. ఒరతో కూడిన ఖడ్గమునకు 7. ఒర లేని ఖడ్గమునకు 3 మాత్రమే! అనగా ఒర కత్తికంటె ప్రియమైనది. మన క్రీడాగ్రంథములలో నూటికి తొంబది ఒరను ఉచితముగా పారవేయుచున్నవి. ఆరు ఎద్దుల వెల చేయు కవచమును ధరించిన మనిషి వీధిని నడచుచుండగా అతని మేన ఒక చిన్న పల్లె పశుసంపద కదలుచున్నదని ఎరుగని పట్టికకు యుద్ధమును వర్ణించు అర్హత ఎక్కడిది?

ఈ సంప్రదాయమునకు మూలపురుషులు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. 1974లో వెలువడిన వారి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కత్తి 10 బంగారు నాణెములు, పలకల కవచము 50. 1978 నాటి ఆటగాండ్ర గ్రంథమున అదే కవచము 400కు పెరిగినది. ఆ లెక్కలో పది నాణెములు ఒక పౌను తూగును. అనగా 45 పౌనుల కవచమునకు 40 పౌనుల బంగారము, సుమారు పదునెనిమిది కిలోలు, తూచి ఇయ్యవలెను! అయినను గైగాక్స్‌ను నిందించుటకు నాకు నోరు రాదు. నిధులు దొరకు సీమలలో వెలలు అలాస్కా బంగారు వేటనాటి పట్టణములందువలె చుక్కలనంటునని ఆయన తానే కారణము చెప్పి యుండెను. కారణము చెప్పగలిగినవాడు పొరపడినను గురువే.

తరువాతి దిగ్గజములు ఆ దారిని రాజబాట చేసిరి. ఎడ్ సింబలిస్ట్, విల్ఫ్ బ్యాక్‌హౌస్ 1977లో షివల్రీ అండ్ సార్సరీ రచించి మధ్యయుగపు సాంఘికవ్యవస్థనంతటిని క్రీడలోనికి దించిరి. 1978లో రూన్‌క్వెస్ట్‌ను నిర్మించిన స్టీవ్ పెరిన్ మధ్యయుగ పోరాటములను పునరభినయించు సంఘపు తొలి సభ్యులలో ఒకడు. కవచపు బరువు అతని భుజమెరిగిన విషయము. అతని క్రీడకు రంగస్థలమైన గ్రెగ్ స్టాఫర్డ్ లోకమున కంచు మృతదేవతల ఎముకలు, ఇనుము అపురూపము. ఒక్క లోహమును మార్చి ఆ మహానుభావుడు ఒక నాగరికతనే మార్చినాడు.

అయినను నా శిరస్సు వంగునది ఎన్. రాబిన్ క్రాస్బీ ఎదుటనే. నన్ను పక్షపాతియనువారిని అననిండు. 1983లో ఆయన సృష్టించిన హార్న్ ద్వీపమున బంగారు నాణెములు కుప్పలుగా పొర్లవు. వెండి పెన్నీయే సామాన్యుని ధనము, 240 పెన్నీలు ఒక పౌండు. అచట లోహకారుల శ్రేణి వేరు, ఆయుధకారుల శ్రేణి వేరు. నాగటి కఱ్ఱు చేయు కమ్మరి కత్తి చేయుటకు అధికారి కాడు. 1986 నాటి ఆయన నియమగ్రంథమైన హార్న్‌మాస్టర్‌లో కవచము ఒక అంకె కాదు; దూదిమెత్త అంగీ, దానిపై గొలుసు, దానిపై పలక, ఇట్లు శరీరమందలి ఒక్కొక్క భాగమునకు పొరలు పొరలుగా లెక్క. అడ్డుపెట్టిన కత్తి నాసిరకమైనచో విరిగిపోవును. పనితనమునకు మంచిచెడ్డలున్నవని, ఆ భేదము ప్రాణములమీదికి వచ్చునని ఇంత నిక్కముగా చెప్పిన క్రీడ మరియొకటి నేనెరుగను.

ఆ ద్వీపమున నేను ధరించిన మొదటి పాత్ర ఒక కూలి సైనికుడు. జీతము కూడబెట్టి గొలుసు కవచము కొనవలెనన్న ఆశ ఎన్ని వారములాడినను తీరలేదు. తుదకొక వాగు రేవున మా బంటుదళపు పెద్ద కూలగా, అతని కవచము నా పాలబడినది. మిత్రులందరు ముందుకు నడువవలెనని తొందరపడుచుండ, నేను మాత్రము ఆ రాత్రి నా పాత్ర ఇసుకతోను నూనెతోను వలయముల తుప్పు తోముచు కూర్చున్నదని చెప్పితిని. ఆ కవచము విలువ నాకు తెలిసినది; దానిని తొడిగి చచ్చిన మనిషి విలువయు తెలిసినది.

ఇంతటి విద్యకు నేడు పట్టిన దుర్గతి తలచిన కడుపు తరుగుకొనిపోవును. ఒకరి పట్టికను ఒకరు నకలు చేసి, ఆ నకలునకు రంగుల అట్ట వేసి అమ్ముచున్నారు. పలకలను లోపల బిగించిన బ్రిగాండైన్ అంగీపై బయటికి కనబడు మేకుల తలలను చూచి, అవి తోలుపై చెక్కిన అలంకారములని భ్రమించి పుట్టించిన ‘మేకుల తోలు కవచము’ దాదాపు ఐదు దశాబ్దములుగా చావక బ్రతుకుచున్నది. రెండు చేతుల కత్తికి 25 పౌనుల భారము కట్టిన ఆ 1978 గ్రంథపు అంకెను చదివి, ఆనాటి కత్తులు గడ్డపారలని నమ్మిన పిల్లలెందరో! అసలు కత్తులు అందులో మూడవ వంతు తూగుటయే అరుదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2000 నాటి మూడవ కూర్పున పదియడుగుల నిచ్చెన 5 రాగినాణెములు, పదియడుగుల గడ 2 వెండినాణెములు, అనగా 20 రాగినాణెములు. నిచ్చెనను కొని మెట్లూడదీసిన రెండు గడలు వచ్చునన్న సంగతి ఆ పుటను వ్రాసినవారికి తోచలేదు. ఇక కంప్యూటరు క్రీడలలో చచ్చిన ప్రతి దొంగ నడుమునుండియు ఒక ఖడ్గము రాలును. ఖడ్గములు వేరుసెనగ కాయలవలె బస్తాలకెత్తబడును. ఇది చేతిపనికి అవమానము. కొలిమి యెదుట కన్నులు పోగొట్టుకొన్న అసంఖ్యాక కర్మారులకు అపచారము.

తెలుగు యువకులారా, హైదరాబాదున ఆడుచున్నవారైనను, అమెరికాలో ఆడుచున్నవారైనను, మీకొక విన్నపము. మన ఉక్కు అన్న మాటయే ‘వూట్జ్’ అయి ఐరోపా లోహశాస్త్రమున కెక్కినదని పెద్దలు చెప్పుదురు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మట్టిమూసలలో ఇనుమును పెట్టి, మూతి మెత్తి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి తీసిన ఉక్కు ముద్దలకై పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి కాచుకొనెడివారు. విజయనగరమున సాళువ నరసింహుడు హొర్ముజు గుఱ్ఱములను వేయి పర్దావు నాణెములకు మూడు చొప్పున, చచ్చినవైనను బ్రతికినవైనను కొనెననియు, సముద్రమున చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను వెల చెల్లించెననియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. ఏ క్రీడాగ్రంథమునందు ఇంతకు మించిన ధరల పట్టిక యున్నది? పరాయి పట్టికను నకలు చేయుట మాని, ఈ సరకుతో మీ పట్టికను మీరు వ్రాయుడు. ఉక్కు కత్తి ప్రక్కన వెలను మాత్రమే వ్రాసి ఊరకుండక, మూసలెన్నో, బొగ్గెంతో, దినములెన్నో కూడ వ్రాయుడు. అప్పుడు మీ ఆటగాడు యుద్ధము ముగిసిన పిదప నెత్తురు కత్తిని ఊరక ఒరలో దోపడు, కూర్చుండి తుడుచును.