మోగని పింగాణీ

మొన్న ఆదివారం సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఓ భంగార్ దుకాణం ముందు తెల్లటి పింగాణీ ఇన్సులేటర్ కంటబడింది. ముప్పై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. మెడ దగ్గర తీగ కట్టే గాడి, కింద గొడుగులో గొడుగులా రెండు అంచులు. వాన కొట్టినా లోపలి అంచు చాలావరకు పొడిగా ఉంటుంది కనుక కరెంటు తడి వెంట స్తంభంలోకి జారదు.

మా సందులో మెటల్ డిటెక్టర్ కొన్న పిల్లగాడు చూసి, "కాకా, ఉధ్నా–జల్‌గావ్ రైలు లైను పొంటి పాత తీగ స్తంభాల కాడ దేవులాడుదామా? ఇంకా దొరుకుతయ్" అన్నాడు. ఆశ పుట్టింది. అందులో చాలా భాగం తాపీ లోయ రైల్వే వాళ్లు 1900 నాటికి వేసిందే. అమెరికాలోనైతే వీటిని సేకరించేవాళ్లకు సంఘమే ఉంది, గాజువాటికి ఆకారాన్ని బట్టి నంబర్లున్నాయి.

కానీ గాజుకూ పింగాణీకీ ఆ మెషిన్ మోగదు. మోగేది లోపలి ఇనుప కడ్డీకి. కడ్డీ ఊడబీకి అమ్ముకున్నాక మిగిలింది కాలి కిందే ఉన్నా చప్పుడు చేయదు. పైగా అది రైల్వే భూమి. నేలలో దాగిన సొత్తు పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం కూడా ఉంది.

ఇన్సులేటర్ నున్నటి మెరుగు మీద గోరు రాస్తుంటే సిరిసిల్ల యాదికొచ్చింది. పడుగు పోసే వార్పింగ్ దగ్గర ప్రతి దారమూ ఓ పింగాణీ కన్నులోంచి దూరి వచ్చేది. బాపు పొద్దున్నే ఒక్కో కన్నులో చిటికెన వేలి గోరు తిప్పి చూసేవాడు. "గోరుకు తాకిందంటే దారం తెగుతది" అనేవాడు. ఇనుము అరిగితే నాకు వింత కాదు. ఏళ్ల తరబడి జారిన మెత్తటి దారం పింగాణీని కోసి సన్నటి గీత పెట్టడం ఆ కళ్లలోనే చూశాను. ఆ గీతలో ఒక మనిషి పనిదినాలన్నీ ఉన్నాయి.

సూరత్‌లో వాటర్‌జెట్లు, రేపియర్లు వచ్చాక పాత సాంచాలు (మరమగ్గాలు) విప్పి ఇనుము తూకానికి అమ్ముతున్నారు. పింగాణీకి తూకంలో ధర లేదు, చెత్తలో పడుతోంది. ఇన్సులేటర్లను దాచేవాళ్లు లోకమంతా ఉన్నారు. మన సాంచాల పింగాణీ కళ్లను దాచేవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. లైను వెంట నేను వెళ్లడం లేదు.

ఊరి పేరు లేని వస్తువు సగం వస్తువేనని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. కరీంనగర్, వరంగల్, నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపిన ఇళ్లవాళ్లకు ఒక్క మాట: షెడ్డు విప్పే రోజు ఒక్క కన్నైనా పక్కకు తీయండి. ఎవరు నడిపారో, ఏ ఊరివారో, ఏ ఏడాది దాకానో చీటీ రాసి దానికి కట్టండి.